ఆవు–పులి కథ పులి నోట చెప్తున్న, ఆఖరు పద్యం కాడ ఆగింది

అచ్చంపేట కండక్టర్ (ప్రశ్న)

అందరికి నమస్తే. నాది అచ్చంపేట. బస్సు కండక్టర్ని, శ్రీశైలం రూటు. మన్ననూరు దాటినంక దోమలపెంట దాక ఎక్కెటోళ్లు దిగెటోళ్లు తక్కువ. టికెట్లు కొట్టుడు అయిపోతది, బయట చూస్తే అడివి, లోపట చూస్తే సగం మంది నిద్ర. అప్పుడు వే బిల్లు (టికెట్ల లెక్క రాసే కాయితం) ఎనకాల పద్యాలు రాస్త. పెద్ద చదువు లేదు, హైస్కూల్ల తెలుగు సార్ వేమన పద్యాలు బెత్తంతోని బల్ల మీద కొట్టుకుంట చదివిచ్చిండు, ఆ దెబ్బకు ఆటవెలది నడక చెవుల ఉండిపోయింది.

ఇప్పుడు సంగతి ఏందంటే, ఉగాదికి మా దగ్గర కవి సమ్మేళనం ఉన్నది. దానికి ఆవు–పులి కథను ఎత్తుకున్న. అందరికీ తెల్సిందే. అడివిల పులి ఆవును ఆపుతది, లేగకు పాలిచ్చి వస్తనని ఆవు బతిమిలాడుతది, పోతది, మాట ప్రకారం తిరిగి వస్తది, పులి మనసు కరిగి ఇడిచిపెడతది. 15వ శతాబ్దంల అనంతామాత్యుడు భోజరాజీయంల పద్యాలుగ రాసిండు, బడి పుస్తకాలల్ల గూడ చదువుకున్నం. నేను రాసేది అదే కథ, గని మాట్లాడేది పులి. మొదటి నుంచి ఆఖరు దాక పులే.

ఎందుకంటే చెప్త. మా నాయిన తూర్పు పసులు కాసిండు. మా అమ్రాబాద్ దిక్కు పొడ తూర్పు పసులు, తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు పొడలుంటయి, మీరు చూసే ఉంటరు. అండ్ల ఒక పాడావును పులి కొట్టింది. మా నాయిన అప్పుడు పులిని తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే అడ్మిన్ నన్ను బయటికి తోలుతడు. కాబట్టి నేను పులి మీద జాలితోని రాస్తలేను, అది ముందుగాల తెల్వాలె. నాకు ఆ కథల అనుమానం ఇంకొకటి. ఆవు మాట నిలబెట్టుకుంది, మంచిదే, ఐదువందల ఏండ్ల నుంచి మెచ్చుకుంటనే ఉన్నం. మరి ఆ మాటను నమ్మినోని సంగతేంది? చేతికి దొరికిన తిండిని ఒక్క మాట మీద ఇడిచిండు. ఆవు తిరిగి రాకపోతే ఆ రోజు పస్తు. ఆవుకు పోయేది ప్రాణమే, కాదంట లేను, గని ఆ పొద్దు నమ్ముడు అనే పని చేసింది పులి ఒక్కడే. దూడ నమ్మలే, మంద నమ్మలే. ఈ ముక్క మీదనే నా పద్యాలు నడుస్తున్నయి. కొన్ని పెడుతున్న:

పొడల తూర్పుటావు పొదచాటు దాటగ
చారలున్న నేను జంగ సాచి
నిలువుమంటి, నీకు నేటితో నూకలు
చెల్లెననగ నదియు జెప్పె నిట్లు

(ఇక్కడ ఆవు తన లేగ సంగతి చెప్తది. పులి ఆలోచన చేసి పొమ్మంటది.)

నోటికాడి కూడు నొదులుకొనెడివాడు
వెర్రివాడొ, లేక పెద్దవాడొ
పిల్ల పేరు జెప్పి వెళ్లిన యావును
గట్టునెక్కి నేను కాచుకుంటి

కడుపు కాలుతున్న కబురెవ్వరడిగిరి
పులికి పొయ్యి లేదు, పొలము లేదు
మాట నిలిపెనంచు మందంత మెచ్చెను
నమ్మినోని పేరునడుగరైరి

ఇంతదాక నాకు మంచిగనే అనిపిస్తుంది. ఆఖరుకు వచ్చేసరికి ఇట్ల అయింది:

సత్యవ్రతము జూసి సంతోషపడి నేను
పొమ్ము తల్లి యనుచు పొగిడినాను
హింస మానుకొంటి, హితబోధ వింటిని
గడ్డి తిందునింక కాలమంత

ఇది చదివితే నాకే నవ్వొస్తుంది. మొదట్ల ఉన్న పులి యాడికో పోయింది, ఎవలో పంతులు వచ్చి కూసున్నట్టుంది. అసలు కథల పులి ఇడిచిపెట్టుడు నిజమే, దాన్ని మార్చలేను, మారిస్తే అది వేరే కథ. కాని ఇడిచిపెట్టినంక పులి ఏం మాట్లాడాలె? ఇంకోటి, "నమ్మినోని" అసొంటి మన మాటలు పద్యంల పెడితే పెద్దలు ఊకుంటరా? తెల్సినోళ్లు చెప్పుండ్రి.


యతిమైత్రి, వనపర్తి

కండక్టర్ సాబ్, ముందు ఛందస్సు చూసి తర్వాత కథకు వస్తాను. రిటైరైన తెలుగు పండితుణ్ని, ఎర్ర కలం పోలేదు చేతిలోంచి.

గురువు అంటే బరువు అక్షరం, లఘువు అంటే తేలిక అక్షరం, వాటిని కలిపిన ముక్కలే గణాలు. ఆటవెలదిలో మొదటి, మూడో పాదాలు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలు అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొత్తు కలవాలి. మీ పద్యాలు ఈ లెక్కకు నిలబడ్డాయి, ఒక్క చోట తప్ప. "సత్యవ్రతము" అని మొదలుపెట్టారు. "సత్య" గలం (గురువు, లఘువు), "వ్రతము" నగణం (మూడు లఘువులు), రెండూ సూర్యగణాలే అని మీ చెవి అనుకుంది. కానీ అది సంస్కృత సమాసం. వెనక "వ్ర" ఉంది కాబట్టి "త్య" గురువు అవుతుంది. రెండు గురువులతో సూర్యగణం కుదరదు. ఆ పద్యం ఎట్లాగూ మీకు నచ్చలేదు గనుక బాగుచేసే పని లేదు, తీసిపారేయండి.

"పులికి పొయ్యి లేదు, పొలము లేదు" చాలా బాగుంది. ఈ పాదం కోసం మిగతావన్నీ క్షమించొచ్చు.

ఇక "నమ్మినోని" పెట్టొచ్చా అంటే, నిరభ్యంతరంగా పెట్టండి. ఆటవెలది ఆ మాటల్ని మోస్తుంది, దాని ఒళ్లే అట్లాంటిది. కానీ "నమ్మినోని" అన్న నోటితోనే "వెళ్లిన యావును" అనిపించారు. అచ్చంపేట పులి "వెళ్లిన యావును" అంటుందా? పద్యం మొత్తానికి ఒక్క నోరు ఉండాలి. "అనుచు", "అంచు" లాంటి పాత మాటలు పద్యంలో చెల్లుతాయి, వినేవాళ్లకు అలవాటే. పట్టణం మాట, పల్లె మాట ఒకే నోట రావడం దగ్గరే చెవి ఉలిక్కిపడుతుంది.

ఇంకో సలహా. ఆటవెలది నాలుగు పాదాల్లో మాట ముగించేస్తుంది. చెప్పి, కొట్టి, దిగిపోతుంది. పులి ఎదురుచూసే ఘట్టం అట్లా ముగియకూడదు, సాగాలి. అక్కడ ద్విపద వాడి చూడండి. మన పక్కనే నంది వడ్డెమాను ఉంది కదా, కాకతీయుల కాలంలో గోన వంశం వాళ్ల వర్ధమానపురం. ఆ వంశపు గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం అంతా ద్విపదలోనే నడిపాడు. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మూడో గణం మొదట యతి, రెండేసి పాదాలకు ప్రాస, అంటే రెండిటా రెండో అక్షరం కలవాలి. ఊరికే మచ్చుకు:

పాలిచ్చి వస్తని పలికిన యావు
కాలయాపన జేసె గద యని యంటి
బండ మీద పడుంటి బాటను జూసి
మండే కడుపుతోటి మధ్యాహ్నమాయె

ఇట్లా పొద్దు గూకేదాకా లాగొచ్చు. ఒక్కో జత చదివినప్పుడల్లా వినేవాడికి కూడా ఆకలి పెరగాలి.

విలన్ సంగతికి బుద్ధారెడ్డి రావణుణ్ని చూడండి. రాముడి విలువిద్యను చూసి ఎదురుగా నిలబడి మెచ్చుకుంటాడు, అయినా రావణుడు రావణుడే, యుద్ధం ఆపడు. మీ పులికి కావలసింది ఆ గుణం అనుకుంటాను. ఆవును మెచ్చుకోనివ్వండి. గడ్డి మాత్రం తినిపించకండి.


మన్ననూరు వాచర్

సార్లు, నాకు యతులు తెల్వయి, పులి తెల్సు. జంగల్ డ్యూటీ.

ఒకటి, పులి గడ్డి తింటది. అబద్ధం కాదు. అప్పుడప్పుడు కడుపు సాఫు చేసుకోనీకె గడ్డి కొరుకుతది, దాని పెంటల గడ్డి పోచలు కనపడతయి. కాని గడ్డి తిని బతకది. కండక్టరన్న రాసిన ముక్క సగం నిజం అన్నట్టు.

రెండు, "గట్టునెక్కి నేను కాచుకుంటి" అన్నరు. పులి గట్టెక్కి అందరికి కనపడేటట్టు కూసోదు. కాపు కాసేదుంటే నీళ్ల కాడ, పొదల, నీడకు పంటది. ఎండకాలమైతే నీళ్లల్లనే మెడ దాక కూసుంటది. మన అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, ఇంత అడివి ఉన్నా ఎండలకు వాగులు ఎండితే నీళ్లుండే జాగలు తక్కువ. అందుకే సాసర్ పిట్లు (జంతువులు తాగనీకె నేల మీద కట్టే నీళ్ల తొట్లు) కట్టి ట్యాంకర్లతోని నీళ్లు పోస్తం. ఆవు–పులి కలిసిన జాగ కూడ నీళ్ల కాడనే అయి ఉంటది, నా లెక్క.

మూడు, అందరు పులంటే ఎప్పుడు పడితే అప్పుడు కొట్టి తింటది అనుకుంటరు. అట్లుండదు. అది ఉరికిన వేటలల్ల ఎక్కువ తప్పిపోతయి. పెద్ద జంతువు దొరికితే గొంతు పట్టి పడేస్తది, రెండు మూడు రోజులు అక్కడిక్కడనే ఉండి తింటది, మిగిలింది ఆకులు, మట్టి కప్పి దాస్తది. అంటే ఆవును ఇడిచిందంటే ఒక్క పూట కూడు కాదు ఇడిచింది, రెండు మూడు రోజుల తిండి ఇడిచింది. ఇది పద్యంల వస్తే నమ్మినోని లెక్క ఇంకా బరువుంటది.

మీ నాయిన ఆవు పోయినప్పుడు నష్టపరిహారం అర్జీ పెట్టుకున్నరా? ఇప్పుడైతే పెట్టుకోవచ్చు. కొట్టిన కాడి నుంచి కదిలియ్యకుంట ఫారెస్టు సెక్షన్ల చెప్పాలె, పంచనామ అయితది. ఇది పద్యానికి కాదు, చదివెటోళ్లకు పనికొస్తదని రాస్తున్న.


నారాయణపేట ఆడిబిడ్డ

మా అమ్మమ్మోళ్లది రాయచూరు దిక్కు. కన్నడంల ఇదే కథ పాటగ ఉంటది, ఆవు పేరు పుణ్యకోటి. అక్కడ పులి ఊకె ఇడిచిపెట్టి పోదు. ఆవు తిరిగొచ్చినంక, ఇసొంటి దాన్ని తినాలనుకున్ననా అని సిగ్గుతోని ప్రాణం ఇడుస్తది. చిన్నప్పుడు అమ్మమ్మ పాడుతుంటె అందరు ఆవు కోసం ఏడ్చెటోళ్లు, నేను పులి కోసం ఏడ్చెదాన్ని. నన్ను పిచ్చిదాన్ని అన్నరు.

తెలుగుల కరిగిపిస్తరు, కన్నడంల సంపుతరు, రెండిట్ల కూడ దానికి బువ్వ పెట్టినోళ్లు లేరు.

నాదొక మాట అన్నా. పులిని ఆడపులిని చెయ్యుండ్రి. గుహల రెండు కూనలున్నయి అనుండ్రి. ఆడపులి ఒక్కతే పిల్లల్ని రెండేండ్ల దాక సాదుతది, మగపులి చూడది అని టీవీల చూసిన. నీ లేగకు పాలు కావాలె, నా కూనలకు వద్దా అని అడిగితే ఆవు దగ్గర జవాబుంటదా? అక్కడ అందరి నోరు మూతపడతది.


నకిరేకల్ హిరణ్యకశిపుడు

ఆడిబిడ్డ చెప్పింది బాగనే ఉన్నది గని నేనొప్పుకోను. ఎందుకో చెప్త. నేను మా ఊరి యక్షగానంల హిరణ్యకశిపుని వేషం కడత, ఆ పేరే ఇక్కడ పెట్టుకున్న. ప్రహ్లాద కట్టినప్పుడల్లా చూస్తున్న, జనం వచ్చేది ప్రహ్లాదుని కోసం కాదు. పిలగాడు పద్యం చదువుతుంటె బీడీలు ముట్టిచ్చుకుంటరు. నేను తెర ఎనక గజ్జె కొడితే లేచి కూసుంటరు.

విలన్‌కు కావాల్సింది సాకు కాదు, ప్రవేశం. యక్షగానంల ఎవడొచ్చినా ముందుగాల తన గురించి తాను దరువేసి చెప్పుకుంటడు. నేనెవ్వని, నా బలమెంత, నా రాజ్యమెంత. హిరణ్యకశిపుడు వచ్చి "నా తమ్ముణ్ని విష్ణువు సంపిండు, నేను బాధల ఉన్న, నన్ను అర్థం చేసుకోండ్రి" అని మొదలుపెడితే డప్పోడు గూడ లేచి పోతడు. ముందు గర్జించాలె. తమ్ముడు పోయిన దుఃఖం ఆ తర్వాత ఎప్పుడో ఒక్క పద్యంల బయటపడాలె, అది గూడ కోపంల కలిసి. అప్పుడు ముసలమ్మలు కండ్లు తుడుచుకుంటరు. నా కండ్లతోని చూసిన ముచ్చట.

తమ్ముడూ, నీ పులి ఏం చేస్తుంది? రాంగనే ఆవును ఆపుతుంది. అది ఎవరో మాకు చెప్పనే లేదు. నోటికాడి కూడు, కడుపు మంట, పొయ్యి లేదు, అన్నీ ఎత్తుకున్నవు. పద్యాలు మంచివే. కాని అన్నింటికి ముందు ఒక ప్రవేశ పద్యం కావాలె, సిగ్గులేకుంట తన గొప్ప తాను చెప్పుకునేది. ఆ తర్వాత అదే పులి ఒక ఆవు మాట నమ్మి కూసుంటే, అప్పుడు దానికి విలువ. తక్కువోడు నమ్మితే గతిలేక నమ్మిండంటరు.

ఇగ ఆఖరు. తెర మీదికి ఎట్ల వచ్చినవో పోయేటప్పుడు అట్లనే పోవాలె. హిరణ్యకశిపుడు నరసింహుని తొడ మీద పడుకోని గూడ సగం చూపుతోనే చూస్తడు, "స్వామీ తప్పయింది" అనడు. అంటే నాటకం పాడయితది. నీ పులి ఆవును ఇడవనీ. ఇడిచినంక పులి తన మీసం తాను దువ్వుకోవాలె గని దండం పెట్టొద్దు.

పద్యం మైకుల చదివేటప్పుడు "నిలువుమంటి" కాడ ఆగు. ఒక్క గుక్క ఆగి "నీకు నేటితో నూకలు" అను. పాదం దాటి "చెల్లెననగ" వస్తది కద, అక్కడ మళ్ల ఆగకు, గుంజుకపో. మంచి జాగ దొరికింది నీకు అది.


పాలమూరు పిలగాడు

నమ్మినోని పేరు... అన్న సూపర్. స్టేటస్ పెట్టుకున్న.


అచ్చంపేట కండక్టర్

అందరికి శనార్తి. రెండు ట్రిప్పులు కొట్టొచ్చేసరికి ఇంత రాసిండ్రు.

యతిమైత్రి సార్, సత్యవ్రతము తీసేసిన. ద్విపద నడక పట్టుకుంటున్న, ఇంకా కాలు సరిగ పడ్తలేదు, ప్రాస కాడ బస్సు బ్రేకు కొట్టినట్టు అయితుంది. మీరు రాసిన నాలుగు పాదాలు ఎత్తుకోను, అవి మీయి. నా పులికి నేనే పొద్దు గూకిస్త.

వాచరన్నా, గట్టు దిగిండు మా పులి. "వెళ్లిన యావు" గూడ దాంతోనే పోయింది, ఒక్క దెబ్బకు రెండు పనులు:

నోటికాడి కూడు నొదులుకొనెడివాడు
వెర్రివాడొ, లేక పెద్దవాడొ
పెయ్య తల్లి కొరకు పెదవులు తడుపుతు
కుంట నీళ్లలోన కూకియుంటి

అర్జీ అప్పట్ల పెట్టలే. మా నాయిన తిట్టుకుంటనే ఉన్నడు, ఎవలకు చెప్పాలెనో తెల్వది.

ఆడిబిడ్డా, నీ మాట మీద మన్ననూరు నుంచి వటవర్లపల్లి దాక ఆలోచన చేసిన. కూనలు పెడితే మంచి పద్యం పడుతది, అది నిజం. "నీ లేగకు పాలు, నా కూనలకు ఏంది" అని అడిగిస్తే సభ చప్పట్లు కొడుతది. కాని అప్పుడు పులి గూడ ఒక తల్లి అయితది, అంటే ఇంకో ఆవు అయితది. ఇద్దరు తల్లులు కూసోని బాధలు చెప్పుకున్నట్టుంటది. తల్లి అని పులిని మన్నిస్తరు, అవ్వల్ నుంచి నేను వద్దంటున్నది ఆ మన్నించుడే. నా పులి ఒంటరిగాడు, వానికి కూనలు లేవు, ఆకలి తప్ప ఏ సాకు లేదు. అయినా నమ్మిండు. ఎందుకు నమ్మిండో వానికే తెల్వది, నాకూ తెల్వది, పద్యంల చెప్పను గూడ. నువ్వు చిన్నప్పుడు ఏడ్చింది గూడ కూనలున్నయని కాదు కద.

హిరణ్యకశిపుడన్నా, మీరు చెప్పినంక నిన్న దోమలపెంటల చాయ్ తాగుకుంట రాసిన. ప్రవేశం:

నల్లమల్ల నాది, నాగేటి కర్రుకు
దొరకనట్టి నేల దొరను నేనె
కృష్ణ నీళ్లు తాగి గిరిమీద పండుత
నన్ను జూసి గాలి నడుము వంచు

ఆఖరు, ఆవును ఇడిచినంక:

నేడు విడిచినాను నీ మాట కొరకని
రేపు గూడ పులినె, రీతి మార
పెయ్య పెరిగినంక పెద్దగుట్టకు రాదె
దాని కొరకు నేను దాగియుంట

డ్రైవరన్నకు చదివి వినిపిస్తే స్టీరింగు మీద చెయ్యి తీసి నా దిక్కు చూసిండు. రోడ్డు చూడమన్న.


యతిమైత్రి, వనపర్తి

"నాగేటి కర్రుకు దొరకనట్టి నేల" దగ్గర కలం కింద పెట్టాను. కృ–గి యతి సరే, ఋకారానికి ఇకారంతో మైత్రి ఉంది, ఎవరైనా అడిగితే ధైర్యంగా చెప్పండి. "నొదులుకొనెడివాడు" కొంచెం నోట్లో తిరగదు, చదివేటప్పుడు "నొదులుకొ" దగ్గర తొందరపడకండి.

చివరి పద్యం మీద మాత్రం ఒక్క మాట. ఉగాది నాడు, పచ్చడి తిన్న నోటితో, పిల్లలు ముందు వరసలో కూర్చుని ఉండగా "పెయ్య పెరిగినంక" అని చదువుతారు. సభాధ్యక్షుడు లేచి శుభం పలకమంటే ఏం చేస్తారు?


నకిరేకల్ హిరణ్యకశిపుడు

ఏం చేస్తడు, కూసుంటడు. శుభం పలికేటోళ్లు ఆ రోజు బొచ్చెడు మంది ఉంటరు సారూ. కోకిలలు, మామిడి చిగుళ్లు, వేప పూత, పొద్దుగూకేదాక అవే. ఒక్క పులి పడనియ్యుండ్రి.

తమ్ముడూ, "దాగియుంట" అన్నంక దిక్కులు చూడకు. చప్పట్లకు ఆగకు. కాయితం మడిచి జేబుల పెట్టుకోని దిగిపో.


మన్ననూరు వాచర్

"గిరిమీద పండుత" అన్నరు, మళ్ల గుట్ట ఎక్కించిండ్రు పులిని. సరే, పండుకున్నడు కద, కాపు కాస్తలేడు, నడుస్తది. గుట్ట మీద బండ సందులల్ల నీడకు పంటయి.

పెద్దగుట్ట అంటే యాడిది? మా బీటుల అయితే పేరు మార్చుండ్రి, పర్యాటకులు అడుగుతరు.


నారాయణపేట ఆడిబిడ్డ

సరే అన్నా, కూనలు వద్దంటె వద్దు. ఒంటరిగాడనే ఉండనీ. ఆ పెయ్య కోసం దాగియుంట అన్నది చదివి నాకు భయమైంది, గని కోపం రాలే. ఎందుకో తెల్వది.

గని అన్ని పద్యాలు పులికే ఇస్తున్నరు. "అదియు జెప్పె నిట్లు" అని ఆవును నోరు తెరిపిచ్చి, ఆమె ఏం చెప్పిందో బ్రాకెట్ల పెట్టి పోతిరి. పాపం, ఒక్క పద్యమన్నా ఆవుకు ఇయ్యరాదా?


అచ్చంపేట కండక్టర్

ఇయ్య. ఆమెకు అనంతామాత్యుడు మస్తు రాసిచ్చిండు. బడి పిల్లగాండ్లను అడిగితే అప్పజెప్తరు.

వాచరన్నా, పెద్దగుట్ట ఉత్తగనే పెట్టిన పేరు, యతికి పడ్డది. మీ బీటు కాదు.